సర్ఫింగ్ వ్యాన్ సొంతంగా కట్టుకుని అలల వెంట తిరగాలంటే: తడి గీత నుంచి తెల్లవారుజాము అలారం దాకా

మంచం ఎలా కట్టాలి, ఫ్రిజ్ ఎంతది కొనాలి, సోలార్ ఎన్ని వాట్లు పెట్టాలి అని అందరూ అడుగుతుంటారు. నీళ్లు కారుతున్న వెట్‌సూట్ (చలి నీళ్లలో వేసుకునే రబ్బరు సూట్) ఎక్కడ పెట్టాలి అని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అప్పట్లో నేనూ అడగలేదు, అందుకే నా మొదటి వ్యాన్‌లో మూడో నెలకల్లా పరుపు కింద నల్లగా బూజు పట్టింది.

ఇది వారాంతాల్లో, సెలవుల్లో అలల కోసం తిరిగే మామూలు సర్ఫర్లకు. పోటీలకు వెళ్లేవాళ్లకు కాదు, ఏడాదంతా వ్యాన్‌లోనే ఉండేవాళ్లకూ కాదు. వరుసగా చదవండి, ఎందుకంటే ఇందులో చాలా పనులు ముందుది వెనక, వెనకది ముందు చేస్తే మళ్లీ ఊడదీయాల్సి వస్తుంది.

1. చెక్క కోయకముందు నాలుగు రాత్రులు

ఖాళీ వ్యాన్‌లో ఒక పరుపు, ఒక బకెట్, ఒక టార్చి, మీ బోర్డు వేసుకుని సముద్రం దగ్గరికి వెళ్లి నాలుగు రాత్రులు పడుకోండి. వరుసగా కాకపోయినా పర్లేదు. ఏమీ కట్టకండి.

జేబులో చిన్న నోటుపుస్తకం పెట్టుకుని చేయి దేనికోసం ఎటు వెళ్లిందో రాసుకోండి. రాత్రి లేచినప్పుడు టార్చి కోసం ఎక్కడ తడుముకున్నారు, తాళం ఎక్కడ పెట్టి మర్చిపోయారు, వెట్‌సూట్ విప్పేటప్పుడు ఏ తలుపు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డారు. ఇవే మీ అసలు డ్రాయింగ్.

వ్యాన్ ఇంకా కొనకపోతే ఈ రెండూ చూసుకోండి:

- వెనక తలుపు పైకి లేచేదైతే వానలో, ఎండలో బట్టలు మార్చుకోవడానికి కప్పులా పనికొస్తుంది. పక్కలకు తెరుచుకునే రెండు తలుపులు గాలికి కొట్టుకుంటాయి. నా ఓటు పైకి లేచేదానికే.
- ఒకరు లోపల టార్చితో కూర్చోవాలి, ఇంకొకరు పైకప్పు మీద 20 నిమిషాలు పైపుతో నీళ్లు కొట్టాలి. ఎక్కడైనా చుక్క కనిపిస్తే ఆ సంగతి ఇప్పుడే తేల్చుకోండి. చక్రాల తొట్లు, తలుపుల అడుగు అంచులు, ముందు అద్దం రబ్బరు కింద తుప్పు ఉందేమో వేలితో గీకి చూడండి.

2. కొలతలు: ముందు బోర్డు, తర్వాతే మీరు

9 అడుగుల లాంగ్‌బోర్డు అంటే 2.74 మీటర్లు. అది పొడుగ్గా, తలుపు మూసుకునేలా ఎక్కడ పడుతుందో మొదట తేల్చండి. చాలా వ్యాన్లలో మంచం కింద నుంచి ముందు సీట్ల మధ్యకు ముక్కు వచ్చేలా పెడితే తప్ప పట్టదు.

బోర్డు మందం కొలిచి మంచం ఎత్తు నిర్ణయించకండి. నేను అదే చేశాను. మందం 7 సెం.మీ. ఉంది కదా అని లెక్కేసుకున్నాను, కానీ బోర్డు చివరలు పైకి వంగి ఉంటాయి, దాన్ని చదునైన నేల మీద పెట్టి ముక్కు కొన దాకా కొలిస్తే దాదాపు రెట్టింపు వచ్చింది. పైగా ఫిన్లు (బోర్డు అడుగున ఉండే రెక్కలు). నా మంచం చట్రం అప్పటికే బిగించేశాను.

కాబట్టి బోర్డును కవర్‌లో పెట్టి, నేల మీద వెల్లకిలా, బోర్లా రెండు రకాలుగా ఉంచి ఎత్తైన చోట కొలవండి. దానికి ఇంకో 5 సెం.మీ. కలపండి. ఊడదీయగలిగే ఫిన్లయితే తీసేసి పెట్టడం అలవాటు చేసుకోండి. మంచం ఎత్తు తేలాక మీరు దాని మీద కూర్చుంటే తల పైకప్పుకు తగులుతుందేమో చూసుకోండి. పైకప్పు లోపల ఇన్సులేషన్ (వేడి, చలి ఆపే పొర), పలక కలిపి 4, 5 సెం.మీ. తినేస్తాయని మర్చిపోవద్దు.

బరువు సంగతి చాలామంది పట్టించుకోరు. 2.44 మీటర్ల పొడవు, 1.22 మీటర్ల వెడల్పు ఉన్న 18 మి.మీ. బర్చ్ ప్లైవుడ్ పలక ఒక్కటే సుమారు 36 కిలోలు. అదే కొలతలో పాప్లర్ ప్లైవుడ్ 23 కిలోల దగ్గర ఉంటుంది. లీటరు నీళ్లంటే కిలో. వ్యాన్ పత్రాల్లో గరిష్ఠ బరువు ఎంతో ఉంటుంది, ఖాళీ వ్యాన్‌ను ఒకసారి, పని సగమయ్యాక ఒకసారి తూకం వేయించండి. బరువైనవి కిందికి, ఇరుసులకు దగ్గరగా, కుడి ఎడమలు సమానంగా పడాలి. వ్యాన్‌ను మార్చడం, దాన్ని మళ్లీ నమోదు చేయించడం, అదనపు సీట్లు పెట్టడం మీద మీరున్న చోట నిబంధనలు ఏంటో ఈ దశలోనే కనుక్కోండి, కట్టాక కాదు.

3. తడి గీత

ఇదొక్కటి సరిగ్గా చేస్తే మిగతావాటిలో తప్పులున్నా సర్దుకుపోవచ్చు.

వెనక తలుపు నుంచి 60 నుంచి 80 సెం.మీ. లోపలికి నేల మీద అడ్డంగా రంగు టేపు వేయండి. టేపుకు వెనకవైపు తడి, ఉప్పు, ఇసుక. ముందువైపు పొడి. తడిది ఏదీ గీత దాటకూడదు. ఒళ్లు తుడుచుకునేదాకా మీరు కూడా.

మామూలు క్యాంపింగ్ వ్యాన్‌కూ దీనికీ తేడా ఉప్పే. ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది, అందుకే సముద్రపు నీళ్లతో తడిసిన గుడ్డ ఎంత ఆరబెట్టినా జిడ్డుగా చెమ్మగానే ఉంటుంది. ఆ చెమ్మ చెక్కలోకి, పరుపులోకి, కరెంటు కనెక్షన్లలోకి పాకుతుంది.

గీతకు వెనకవైపు ఏం ఉండాలంటే:

- తొట్టి. 5 సెం.మీ. అంచు ఉన్న మందపాటి ప్లాస్టిక్ ట్రే. ఒక మూల కన్నం, దానికి బిరడా, కింద నుంచి బయటికి పోయే చిన్న గొట్టం. కన్నం ఏ మూల పెట్టాలో తేల్చడానికి వ్యాన్‌ను చదునుగా నిలిపి ట్రేలో రెండు గ్లాసుల నీళ్లు పోసి చూడండి, అవి ఎటు చేరితే అటు.
- దండెం. వెట్‌సూట్‌ను నడుము దగ్గర మడిచి వేస్తే కాళ్లూ చేతులూ ట్రేకి తగలనంత ఎత్తులో. తడిసిన సూట్ బరువుకు సన్నటి కర్ర వంగిపోతుంది, కాబట్టి కనీసం 3 సెం.మీ. లావున్న ప్లాస్టిక్ గొట్టం వేయండి. లావుగా ఉంటే మడత దగ్గర సూట్ కూడా నలగదు.
- గాలి. తడి అర పైభాగంలో కంప్యూటర్లలో వాడే 12 సెం.మీ. ఫ్యాన్ ఒకటి, లోపలి గాలిని బయటికి తోసేలా. 2, 3 వాట్లే తింటుంది, రాత్రంతా తిరగనివ్వండి. కిందివైపు గాలి లోపలికి రావడానికి సందు వదలండి, లేకపోతే ఫ్యాన్ ఊరికే తిరుగుతుంది.
- అడ్డుగోడ. గీత మీద పలక. తడివైపు ప్లాస్టిక్ షీటు అంటించి, అంచులకు సీలెంట్ పూయండి.

బోర్డుల సొరంగం మంచం కింద నుంచి పోతుంది కాబట్టి అది గీత దాటుతుంది. దాన్ని తడివైపు లెక్కలోకే వేసుకుని, పక్కనున్న సామాను అరల నుంచి సన్నటి పలకతో వేరు చేయండి. అడుగున కార్పెట్ వద్దు, ఇసుకను పట్టుకుని వదలదు. మెత్తటి ఫోమ్ పట్టీలు నాలుగు చాలు.

4. పని వరుస

1. తుప్పు గీకి, మందు పూసి, రంగు వేయడం
2. పైకప్పు ఫ్యాన్, కిటికీలు, ట్రే కన్నం: అంటే లోహాన్ని కోసే పనులన్నీ
3. మళ్లీ నీళ్ల పరీక్ష
4. వైర్లు లాగడం
5. ఇన్సులేషన్
6. నేల, తర్వాత గోడలు, తర్వాత పైకప్పు పలకలు
7. తడి అర
8. మంచం
9. మిగతా అరలు, పొయ్యి చోటు

నాలుగో పనికీ ఐదో పనికీ మధ్య ఫోన్‌తో ప్రతి గోడనూ ఫొటో తీసుకోండి, కొలిచే టేపు కూడా ఫొటోలో కనిపించాలి. ఆర్నెల్ల తర్వాత ఏదైనా మేకు దించేటప్పుడు దాని వెనక వైరు ఉందో లేదో ఆ ఫొటోయే చెబుతుంది.

ఇన్సులేషన్‌కు నీళ్లు పీల్చని ఫోమ్ షీట్లు వాడండి. లోహపు దూలాల బోలు లోపల ఉబ్బే ఫోమ్ స్ప్రే కొట్టకండి. అక్కడ నీరు కిందికి జారడానికి ఉంచిన దారులు మూసుకుపోతాయి, తర్వాత లోపలి నుంచే తుప్పు మొదలవుతుంది. పైగా ఆ ఫోమ్ ఉబ్బి బయటి రేకును కూడా తోసేస్తుంది.

నేలకు ఒకే ముక్క వినైల్ షీటు వేయండి, అంచులు గోడ మీదికి రెండు అంగుళాలు ఎక్కేలా. అతుకు ఉన్న ప్రతిచోటా ఇసుక చేరుతుంది.

5. పైకప్పుకు కన్నం: భయపడాల్సిన పనే, కానీ గంటలో అయిపోతుంది

ఎక్కువమంది వాయిదా వేసేది ఇదే. ఫ్యాన్ లేకుండా ఒక ఎండాకాలం గడిపి, ఆ తర్వాత కట్టిన పైకప్పంతా ఊడదీసి పెట్టుకుంటారు. బాగా దొరికే ఫ్యాన్లకు 14 అంగుళాల చదరపు కన్నం సరిపోతుంది, కానీ మీ ఫ్యాన్ చట్రాన్నే పెట్టి గీసుకోండి.

లోపలి నుంచి నాలుగు మూలల్లో సన్నటి కన్నాలు వేయండి, దానివల్ల దూలాలను తప్పించుకుంటారు. తర్వాత పైకెక్కి ఆ నాలుగు చుక్కలను కలుపుతూ టేపు వేసి, గీసి, మూలలను పెద్ద బిట్‌తో వెడల్పు చేసి, లోహం కోసే సన్నపళ్ల బ్లేడుతో జిగ్‌సా నడపండి. రంపం అడుగుకు టేపు చుట్టండి, లేకపోతే రంగు మీద గీతలు పడతాయి. నాలుగో వైపు కోసేటప్పుడు లోపల నుంచి ఒకరు ముక్కను పట్టుకోవాలి.

ఇప్పుడు అసలు జాగ్రత్త. కోసినప్పుడు రాలిన ఇనుప రజను పైకప్పు అంతటా ఉంటుంది. కోయకముందే చుట్టూ పాత దుప్పటి పరచండి, కోశాక వెంటనే వ్యాక్యూమ్ పెట్టండి, అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి తిప్పండి. ఒక్క రాత్రి వదిలేస్తే మర్నాటికి పైకప్పు నిండా గోధుమరంగు చుక్కలు.

అంచులను ఆకురాయితో నున్నగా చేసి, జింక్ ప్రైమర్ రెండు పూతలు, దాని మీద రంగు, పూర్తిగా ఆరాక ఫ్యాన్ చట్రం. చట్రం కింద బ్యూటైల్ టేపు గానీ పాలీయురేథేన్ సీలెంట్ గానీ వాడండి. బాత్రూమ్ సిలికాన్ వద్దు. వెనిగర్ వాసన వచ్చే రకం లోహాన్ని తినేస్తుంది, మళ్లీ దాని మీద రంగూ అంటదు, ఇంకో సీలెంటూ అంటదు.

6. కరెంటు: ముందు లెక్క, తర్వాత కొనుగోలు

మామూలుగా తిరిగే ఇద్దరి రోజు ఖర్చు ఇలా ఉంటుంది. కంప్రెసర్ ఫ్రిజ్ 45 వాట్లది, రోజులో మూడోవంతు సమయం తిరిగితే 360 వాట్ అవర్లు. దీపాలు 50. పైకప్పు ఫ్యాన్ నెమ్మదిగా రాత్రంతా 100. ఫోన్లు, ల్యాప్‌టాప్ 100. మొత్తం 600 చిల్లర.

12.8 వోల్టుల 100 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 1,280 వాట్ అవర్లు ఉంటాయి. అంటే ఎండ లేకపోయినా రెండు రోజులు. అదే సైజు లెడ్ బ్యాటరీ అయితే సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది, కాబట్టి ఒక్క రోజే. బరువు కూడా రెట్టింపుకు పైనే. లిథియంకు ఒక షరతు ఉంది: అది సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు ఛార్జ్ చేయకూడదు.

200 వాట్ల ప్యానెల్ పైకప్పు మీద పడుకోబెట్టి ఉంటే మంచి ఎండ రోజున 500 నుంచి 700 వాట్ అవర్లు ఇస్తుంది. మబ్బు రోజున దాని మీద ఆశ పెట్టుకోవద్దు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఛార్జ్ చేసే 30 ఆంపియర్ల ఛార్జర్ పెట్టుకుంటే గంటన్నర ప్రయాణంతో ఒక రోజు ఖర్చు వచ్చేస్తుంది. అలల కోసం ఎలాగూ తిరుగుతూనే ఉంటాం కాబట్టి నేనైతే ముందు దీన్నే కొంటాను, ప్యానెల్ తర్వాత.

వైరు మందం దగ్గర పిసినారితనం వద్దు. బ్యాటరీ నుంచి ఫ్రిజ్ 5 మీటర్ల దూరంలో ఉండి 5 ఆంపియర్లు లాగితే, 1.5 చదరపు మి.మీ. వైరులో సుమారు 0.57 వోల్టులు దారిలోనే పోతాయి. 2.5 వైరు వేస్తే 0.34. ఈ కాస్త తేడాకే, బ్యాటరీ సగం ఉన్నా సరే, ఫ్రిజ్ వోల్టేజ్ చాలదని ఆగిపోతుంటుంది. మీరేమో ఫ్రిజ్ పాడైందని అనుకుంటారు.

ఫ్యూజు వైరును కాపాడటానికి, వస్తువును కాదు. కాబట్టి అది బ్యాటరీ ప్లస్ దగ్గర నుంచి జానెడు దూరం లోపలే ఉండాలి, ఆ వైరు మోయగలిగిన ఆంపియర్లకు మించకూడదు. కనెక్షన్లన్నీ తడి గీతకు ముందువైపే. తడి అర ఫ్యాన్ వైరు ఒక్కటే గీత దాటాలి, దాని అతుకు కూడా పొడివైపే ఉండాలి.

ఇంటి కరెంటు వోల్టేజీని వ్యాన్‌లోకి తేవాలనుకుంటే మాత్రం ఆ భాగం తెలిసిన ఎలక్ట్రీషియన్‌కు వదిలేయండి.

7. గ్యాస్, పొగ

ఇది చిన్న విభాగం, కానీ దాటేయకండి. వంట గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేలకు దిగుతుంది. సిలిండర్ ఉన్న అర అడుగున బయటికి తెరుచుకునే కన్నం ఉండాలి, ఆ అర లోపలి గదికి తెరుచుకోకూడదు. గ్యాస్ అలారం నేలకు దగ్గరగా, కార్బన్ మోనాక్సైడ్ అలారం పడుకున్నప్పుడు తల ఉండే ఎత్తులో. మంటలార్పే సిలిండర్ తలుపు పక్కన, మంచం మీది నుంచీ బయటి నుంచీ చేతికి అందేచోట.

చలిగా ఉందని పొయ్యి వెలిగించి వ్యాన్ వేడి చేసుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం ఒకటి, మండిన గ్యాస్ నుంచి వచ్చే నీటి ఆవిరి ఇంకొకటి. పొద్దున్నే రేకుల మీద చుక్కలు చుక్కలుగా కారేది అదే.

8. నీళ్లు, స్నానం

ఒళ్లు, సూట్, బోర్డు కడగడానికి మనిషికి 5 నుంచి 7 లీటర్లు చాలు, నీళ్లు సన్నటి ధారగా వస్తే. 20 లీటర్ల డబ్బా, అందులో మునిగే 12 వోల్టుల చిన్న పంపు, బొత్తాం ఉన్న షవర్ తల. ఇదే అన్నిటికంటే తేలిక.

పైకప్పు మీద నల్ల గొట్టం పెట్టుకునే పద్ధతి కూడా ఉంది. 10 సెం.మీ. లోపలి వ్యాసం, 2 మీటర్ల పొడవు ఉంటే 15.7 లీటర్లు పడతాయి, ఎండకు వెచ్చబడతాయి కూడా. అయితే దానికి టైరు వాల్వ్ పెట్టి గాలి కొట్టే అలవాటు చాలామందికి ఉంది. మామూలు పీవీసీ గొట్టం గాలి ఒత్తిడికి చేసింది కాదు, ఎండకు పెళుసైతే పగిలి ముక్కలు ఎగురుతాయి. ఎత్తు నుంచి పారే ధారే చాలు.

9. అలల లెక్క: ఎప్పుడు బయల్దేరాలి

సూచనలు చూసేటప్పుడు చాలామంది అల ఎత్తు ఒక్కటే చూస్తారు. చూడాల్సినవి నాలుగు: ఎత్తు, పీరియడ్, దిశ, గాలి. తర్వాత ఆటుపోట్లు.

పీరియడ్ అంటే ఒక అల తర్వాత ఇంకో అల రావడానికి పట్టే సెకన్లు. 7, 8 సెకన్లయితే దగ్గర్లో గాలి రేపిన అలజడి. 12 దాటితే దూరపు తుఫాను నుంచి వచ్చిన స్వెల్. ఒకే మీటరు ఎత్తున్నా 14 సెకన్ల స్వెల్‌లో 7 సెకన్ల దానికి రెట్టింపు శక్తి ఉంటుంది. కొత్తవాళ్లు "మీటరే కదా" అని దిగి దెబ్బ తినేది ఇక్కడే.

స్వెల్ ఎప్పుడు చేరుతుందో మీరే వేసుకోవచ్చు. లోతైన సముద్రంలో పీరియడ్‌ను 2.8తో హెచ్చిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లు వస్తుందో తెలుస్తుంది. 14 సెకన్ల స్వెల్ గంటకు 39 కి.మీ. తుఫాను 2,000 కి.మీ. దూరంలో ఉంటే 51 గంటలు, అంటే రెండు రోజులు. 17 సెకన్లవి అదే దూరం నుంచి 42 గంటల్లో వచ్చేస్తాయి. అందుకే మంచి స్వెల్ మొదలయ్యేటప్పుడు అలలు చిన్నవిగా, చాలా ఎడంగా వస్తాయి, తర్వాత ఎత్తు పెరుగుతూ పీరియడ్ తగ్గుతూ పోతుంది. ఆఫీసులో సెలవు ఎప్పుడు అడగాలో ఈ లెక్కతోనే తేల్చుకుంటాను.

గాలి నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తే అల ముఖం నున్నగా నిలబడుతుంది. సముద్రం నుంచి నేలకు వీస్తే కలగాపులగం. ఎండ రోజుల్లో నేల వేడెక్కాక సముద్రపు గాలి మొదలవుతుంది, కాబట్టి తెల్లవారుజామే మేలు.

పోటు, ఆటు రోజుకు రెండేసి సార్లు వచ్చే చోట ఒక మోటు లెక్క ఉంది. ఆటు నుంచి పోటుకు పట్టే ఆరు గంటల్లో నీరు 12 భాగాలు లేస్తుందనుకుంటే గంట గంటకూ 1, 2, 3, 3, 2, 1 భాగాల చొప్పున లేస్తుంది. మధ్య రెండు గంటల్లోనే సగం. అల దాని ఎత్తుకు సుమారు 1.3 రెట్ల లోతులో విరుగుతుంది, కాబట్టి ఆ రెండు గంటల్లో అల విరిగే చోటు కళ్లముందే మారిపోతుంది.

ప్రయాణానికి ఒక్క చోటు కాదు, మూడు ఎంచుకోండి. ఒకటి స్వెల్‌కు నేరుగా ఎదురుగా ఉన్నది, ఒకటి కొండ చాటున ఉన్నది, ఒకటి వేరే దిక్కుకు తిరిగి ఉన్నది. ముందురోజు రాత్రే చేరుకోండి. రాత్రి నిలపడానికి అనుమతి ఉందో లేదో చూసుకోండి, మెత్తటి ఇసుక మీదికి వ్యాన్ దించకండి.

10. పొద్దున: దిగకముందు 15 నిమిషాలు

బోర్డు తీయకండి. ఎత్తైన చోట నిలబడి గడియారం పెట్టుకుని చూడండి. పెద్ద అలలు గుంపులుగా వస్తాయి, రెండు గుంపుల మధ్య ఎన్ని నిమిషాలో లెక్కపెట్టండి. వచ్చిన రెండు నిమిషాల్లో సముద్రం ప్రశాంతంగా ఉందనుకుంటే, పన్నెండో నిమిషంలో అసలు గుంపు వస్తుంది, అప్పుడు మీరు దాని కింద ఉంటారు.

అలలు విరగకుండా ముదురు రంగులో, నురగ లోపలికి కొట్టుకుపోతూ కనిపించే దారి రిప్ కరెంట్. బోర్డున్న అనుభవజ్ఞులు లోపలికి వెళ్లడానికి దాన్నే వాడుకుంటారు. కొత్తవాళ్లు దాంట్లో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకుండా, బోర్డు వదలకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు చేతులతో తెడ్డేసుకుంటూ బయటపడాలి. బలం చాలకపోతే బోర్డు మీదే పడుకుని చేయి ఊపి సాయం అడగాలి.

లైనప్‌లో, అంటే అలల కోసం అందరూ వేచి ఉండే చోట, నాలుగు మాటలు గుర్తుంచుకుంటే గొడవలుండవు:

- అల విరగడం మొదలయ్యే చోటుకు ఎవరు దగ్గరుంటే అల వాళ్లది. వాళ్లు లేచాక ముందు దూరకండి.
- లోపలికి వెళ్లేటప్పుడు వచ్చేవాళ్ల దారికి అడ్డం పోకుండా చుట్టూ వెళ్లండి. తప్పకపోతే నురగలో మీరే దెబ్బ తినండి.
- భయపడి బోర్డు విసిరేయకండి, లీష్ (కాలికీ బోర్డుకూ కట్టే తాడు) సాగితే బోర్డు వెనకున్న మనిషికి తగులుతుంది.
- తప్పు జరిగితే చేయెత్తి సారీ చెప్పండి.

తాళం సంగతి. బటన్ తాళాలు ఉప్పునీటికి చస్తాయి. డీలర్ దగ్గర చిప్ లేని ఉత్త తాళం చెవి చేయించుకుని వెట్‌సూట్ లోపలి జేబులో వేసుకోండి, అసలుది వ్యాన్ లోపల సిగ్నల్ ఆపే సంచిలో దాచండి. సంచి లేకుండా దాస్తే కొన్ని వ్యాన్లు తాళం దగ్గరే ఉందనుకుని వాటంతటవే తెరుచుకుంటాయి. ఇంట్లో ఒకసారి పరీక్షించుకోండి.

11. బయటికొచ్చాక

వెట్‌సూట్‌ను మంచినీళ్లతో కడిగి, తిరగేసి, నీడలో వేయండి. లోపలి వైపు ముందు ఆరాలి, ఎందుకంటే మర్నాడు పొద్దున చలిలో వేసుకునేది ఆ వైపే. ఎండ, వేడినీళ్లు, సన్నటి వైరు హ్యాంగర్ దానికి పడవు.

బోర్డుకు పగులు కనిపిస్తే ఆ రోజుకు దాన్ని పక్కన పెట్టండి. పగులు కిందికి ఉండేలా ఆరబెట్టి, పూర్తిగా ఆరాక గరుకు కాగితంతో రుద్ది, ఎండకు గట్టిపడే రెజిన్ పూసి, పైన ప్లాస్టిక్ కాగితం అదిమి ఎండలో పెడితే కొన్ని నిమిషాల్లో గట్టిపడుతుంది. రెజిన్ నీడలో పూయాలి, లేకపోతే గొట్టం మూతి దగ్గరే గట్టిపడి కూర్చుంటుంది. ఒక్కటి చూసుకోండి: మీది ఎపాక్సీ బోర్డయితే ఎపాక్సీ రెజినే వాడాలి. పాలియెస్టర్ రెజిన్ లోపలి థర్మోకోల్ లాంటి ఫోమ్‌ను కరిగించేస్తుంది, చిన్న పగులు గుంటగా మారుతుంది.

బోర్డులను ఎండలో మూసిన వ్యాన్‌లో వదలకండి. కాలు జారకుండా బోర్డుకు పూసే వాక్స్ కరిగి కారడం చిన్న విషయం, వేడికి పైపొర లేచిపోతే బాగుచేయడం కష్టం. పైకప్పు మీద కట్టేటప్పుడు డెక్ (మనం నిలబడే వైపు) కిందికి, ఫిన్లు పైకి, ముందువైపుకు. లాగి బిగించే రాట్చెట్ పట్టీలు బోర్డును నలిపేస్తాయి, మామూలు బకిల్ పట్టీలు చాలు. పట్టీకి ఒక మెలిక వేస్తే గాలికి బుర్రుమనదు. 10, 15 కి.మీ. వెళ్లాక ఆపి మళ్లీ బిగించుకోండి.

చివరగా నోటుపుస్తకం: ఎత్తు, పీరియడ్, దిశ, గాలి, ఆటుపోట్ల సమయం, ఎలా ఉంది. ఒక్కో రోజుకు ఒక్క వరుస. 30 వరుసలయ్యేసరికి ఆ చోటు గురించి మీకు ఏ సూచనా చెప్పనిది తెలుస్తుంది.

12. మీ వ్యాన్‌ను మీదిగా చేసుకోవడం

రంగులు, స్టిక్కర్లు, దీపాల దండలు మీ ఇష్టం, అందులో నేను చెప్పేదేం లేదు. కొక్కేల గురించి మాత్రం చెబుతాను. కట్టిన మొదటి నెల గోడకు ఒక్క కొక్కెం కూడా వేయకండి. టవల్, టోపీ, టార్చి చేయి ఎక్కడికి పోతే అక్కడ కాగితం టేపు ముక్క అంటించి పేరు రాయండి. నెల తర్వాత చూస్తే కొన్ని టేపులు మూడుసార్లు జరిగి ఉంటాయి, కొన్ని మొదటి రోజు నుంచి అక్కడే. అప్పుడు కన్నం వేయండి. మేకులు, తలుపుల మడతబందులు స్టెయిన్‌లెస్ 316 రకం (ఉప్పునీటిని బాగా తట్టుకునే ఉక్కు) దొరికితే అవే, తడివైపు తప్పనిసరిగా.

ఒక గోడ ఏడాది పాటు ఖాళీగా వదిలేయండి. ఏదో ఒకటి పుడుతుంది.

13. ఎక్కువమంది చేసే తప్పులు, సర్దుబాట్లు

పరుపు కింద చెమ్మ: మంచం పలకకు కన్నాలు లేకపోవడం. 4 సెం.మీ. కన్నాలు జానెడు ఎడంతో వేయండి, లేదా పలక తీసేసి పట్టీలు పెట్టండి. పగటిపూట పరుపు ఒక చివర ఎత్తి ఉంచండి.

వ్యాన్‌లో వాసన: దాదాపు ఎప్పుడూ బూట్లే. నియోప్రీన్ బూట్లు, చేతి తొడుగులు తలకిందులుగా నిలబెట్టే రెండు మేకులు తడి అర ఫ్యాన్ ముందు వేయండి.

కిర్రుకిర్రు శబ్దాలు: చెక్కకూ చెక్కకూ మధ్య ఫెల్ట్ ముక్కలు. ఏది మోగుతోందో పట్టుకోవడానికి పక్క సీట్లో ఒకరిని కూర్చోబెట్టుకుని గతుకుల దారిలో తిప్పండి.

అడుగున తుప్పు: ప్రతి ప్రయాణం తర్వాత మంచినీళ్లతో కింద కడగడం, ఏడాదికోసారి మైనం లేదా నూనె పూత.

కట్టడంలోనే కాలం గడిచిపోవడం: అలలు బాగున్న వారాంతం పని ఆపేయండి. సగం కట్టిన వ్యాన్‌లో కూడా తడి గీత ఉంటే చాలు, వెళ్లిపోవచ్చు.

14. బయల్దేరే ముందు రాత్రి చెక్‌లిస్ట్

- బోర్డు, కవర్, ఫిన్లు, ఫిన్లు బిగించే కీ, అదనపు స్క్రూలు రెండు
- లీష్, అదనపు లీష్ తాడు
- నీటి వేడికి తగిన వాక్స్, వాక్స్ గీకే దువ్వెన
- వెట్‌సూట్, మార్చుకునే పొడి బట్టలు, రెండు టవళ్లు
- రెజిన్ గొట్టం, గరుకు కాగితం, టేపు
- 20 లీటర్ల నీళ్లు, పంపు పనిచేస్తోందా
- బ్యాటరీ ఎంత ఉంది, అదనపు ఫ్యూజులు
- అలారాలు రెండూ నొక్కి చూశారా
- ప్రథమ చికిత్స పెట్టె, సన్‌స్క్రీన్
- ఉత్త తాళం చెవి, సిగ్నల్ ఆపే సంచి
- మూడు చోట్ల పేర్లు, ఎప్పుడు తిరిగొస్తారో ఇంట్లో చెప్పడం
- అరల గొళ్లాలు, ట్రే బిరడా
- రేపటి ఆటుపోట్ల సమయం చూసి, దానికి గంట ముందుకు అలారం